దిష్టి ఉప్పు తిన్న పింగాణీ ముక్కలు

నేను ఎంటెక్ చదివేటప్పుడు మా గైడుగారికి ఒక అలవాటు ఉండేది. ఫలితం బాగా లేకపోతే తిట్టేవారు. మరీ బాగుంటే అనుమానించేవారు. ఈ రెండింటికీ మధ్య ఎక్కడ నిలబడాలో రెండేళ్ళలో మాకెవరికీ అంతుబట్టలేదు.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి రెండేళ్ళో మూడేళ్ళో అయింది. పత్తికట్టె, మిరపకట్టె కాల్చి కరెంటు తీసే చిన్న చిన్న ప్లాంట్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటిలో పెట్టిన ఇనుప గొట్టాలు అనుకున్నదానికన్నా ముందే తూట్లు పడుతున్నాయని మాకు తెలిసింది. పంటకట్టెల బూడిదలో క్షారాలు ఎక్కువ. ఎర్రటి వేడిలో అవి ఇనుమును నమిలేస్తాయి. ఇనుము బదులు పింగాణీ పెడదామంటే అది టీ కప్పులాగా దెబ్బకు పగులుతుంది. అందుకని సన్నటి పింగాణీ నారలను గుడ్డలా నేసి, ఆ నేత సందుల్లో మళ్ళీ పింగాణీనే నింపి చేసే రకం ఒకటుంది. సిరామిక్ కాంపోజిట్ అంటారు. దెబ్బ తగిలినా ఒక్కసారిగా ముక్కలు కాదు.

మేం పరీక్షించాల్సింది సిలికాన్ కార్బైడ్‌తో చేసినది. అది బాగా కాలినప్పుడు దాని ఒంటిమీద దానంతటదే పల్చటి పొర ఒకటి కట్టుకుంటుంది. ఇసుకలో ఉండే పదార్థమే ఆ పొర. దానికి ఆ పొరే రక్ష. అయితే మంటలో క్షారమో ఉప్పో ఉంటే ఆ పొర కరిగి గాజైపోతుంది. అప్పుడు లోపలిది బయటపడుతుంది, మళ్ళీ పొర కడుతుంది, మళ్ళీ కరుగుతుంది. ఇలా తినుకుంటూ పోతుంది. అది జరగకుండా పైన వేరే పదార్థంతో పూత పూస్తారు. ఆ పూత నిజంగా ఎంత కాపాడుతుందో తేల్చడం నా ప్రాజెక్టు.

హైదరాబాదులో ఉన్న పాత స్నేహితుడొకాయన్ని బతిమాలి మా గైడుగారు ఇరవై నాలుగు ముక్కలు సంపాదించారు. ఒక్కొక్కటి తపాలా బిళ్ళంత ఉండేది. ఎనిమిదింటికి పూత లేదు, ఎనిమిదింటికి ఒక పొర, ఎనిమిదింటికి రెండు పొరలు. తీగకు వేలాడదీయడానికి ప్రతి ముక్కకూ మూలన చిన్న బెజ్జం. పూత లేనివి నల్లగా, మాడిన అట్టు ముక్కల్లా ఉండేవి. వాటిని నా చేతిలో పెడుతూ గైడుగారు, "ఇవి నీకన్నా ఖరీదమ్మా" అన్నారు. నన్ను తక్కువ చేశారో ముక్కల్ని ఎక్కువ చేశారో అప్పుడు అర్థం కాలేదు.

కాలేజీలో ఉన్నది కరెంటు కొలిమి. కరెంటు ఉన్నప్పుడు కాలేది, లేనప్పుడు చల్లారేది. పైగా దాని లోపల వేడిగాలి తప్ప ఇంకేమీ లేదు.

"దీంట్లో కాలిస్తే ఏం తెలుస్తుంది?" అన్నారు గైడుగారు. "బూడిద ఉండాలి, ఆవిరి ఉండాలి, పొగ ఉండాలి. నిజం పొయ్యి కావాలి. అదీ వారాల తరబడి ఆరకుండా మండేది."

"మా పెద్దమ్మకు పొగాకు బ్యారన్ ఉందండీ" అన్నాను. అనాలని అనలేదు, నోరు జారింది.

ఆయన కళ్ళజోడు తీసి నావంక చూశారు. వారం తిరక్కుండా నేను ఒక అట్టపెట్టె, వేడి కొలిచే తీగ, దాని మీటరు పట్టుకుని బస్సెక్కాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. అద్దంకికీ పర్చూరుకూ మధ్య ఉన్న ఒక ఊళ్ళో ఉండేది. పెదనాన్న చీమకుర్తిలో ఒక గ్రానైటు క్వారీలో లెక్కలు రాసేవాడు. వారానికొకసారి వచ్చి, తిని, నిద్రపోయి వెళ్ళేవాడు. పొలమూ బ్యారనూ మొత్తం పెద్దమ్మ చేతిమీదే నడిచేవి.

బ్యారన్ అంటే ఇటుకలతో కట్టిన ఎత్తయిన గది. పచ్చి ఆకును కర్రలకు గుచ్చి లోపల అంతస్తులుగా వేలాడదీస్తారు. బయట గోడకు పొయ్యి ఉంటుంది. ఆ మంట వేడి ఇనుప గొట్టాల్లోంచి గది నేలమీదుగా తిరిగి, అవతలి గోడ పక్కన పొగగొట్టంలోంచి పైకి పోతుంది. ఆకుకు వేడి మాత్రమే తగలాలి, పొగ తగలకూడదు. ఒక్కో దఫా ఆరేడు రోజులు పొయ్యి ఆరకుండా మండుతుంది. మా గైడుగారు కోరిన పొయ్యి అచ్చం ఇదే.

దాన్ని మండించేది ఆ ఊరి సాయిబు ఒకాయన. ముప్పై ఏళ్ళుగా అదే పని. పెద్దమ్మ ఆయన్ని అన్నా అనేది, ఆయన పెద్దమ్మను చెల్లెమ్మా అనేవాడు, నేను బాబాయ్ అనేదాన్ని. వేడి కొలిచే తీగను పొయ్యిలోకి దూర్చి మీటరు చూసుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎంతమ్మాయ్?"

"నువ్వు చెప్పు బాబాయ్, చూద్దాం."

పొయ్యి నోట్లోకి ఒక క్షణం తొంగిచూశాడు. "దానిమ్మ గింజ రంగు దాటింది. ఇంకా మోదుగుపువ్వు కాలా. ఎనిమిదొందలకి అటూ ఇటూ ఉంటది."

మీటరు ఎనిమిది వందల పది చూపిస్తోంది. నేను దాన్ని చేత్తో కప్పేసి, "ఏడొందల యాభై" అన్నాను.

"అయితే నీ మిషను చెడిపోయిందమ్మాయ్. రిపేరు జేయించుకో" అని లేచి వెళ్ళిపోయాడు.

దఫాకు రకానికి రెండేసి ముక్కల్ని తీగకు గుచ్చి, తీగను మట్టి ఇటుకలకు కట్టి, పొయ్యి లోపలి గోడకు ఆనించి వేలాడదీశాం. ప్రతి దఫా చివర వాటిని తీసి కాలేజీకి పంపాలి, తర్వాతి దఫాకు కొత్తవి కట్టాలి. అంతా సవ్యంగానే మొదలైంది. చెడింది నా నోటివల్ల.

ఆకు గుచ్చే ఆడవాళ్ళు నల్లముక్కల్ని చూసి అవేంటని అడిగారు. ఉన్నదున్నట్టు చెబితే పోయేది. గొప్పకు పోయి, "ఇట్లాంటివి విమానాల్లో కూడా పెడతారు" అన్నాను. మర్నాటికల్లా అవి విమానం ముక్కలయ్యాయి. ఆ తర్వాత రోజుకు విమానం మా ఊరి మాగాణిలోనే పడిపోయింది. పక్కవీధుల నుంచి జనం రావడం మొదలుపెట్టారు. పొయ్యి ముందు నిలబడి, లోపల ఏమీ కనబడకపోయినా తలలూపి, "అబ్బో" అని వెళ్ళేవాళ్ళు. ఒక ముసలాయన పైలటు ఏమయ్యాడని అడిగాడు. క్షేమమేనని చెప్పాను. అంతదూరం నడిచి వచ్చినవాణ్ణి వట్టిచేతుల్తో పంపడం బాగోదనిపించింది.

పెద్దమ్మ ఇదంతా చూసేది, ఏమీ అనేది కాదు. నాలుగిళ్ళు వినబడేలా మాట్లాడే మనిషి ఏమీ అనకుండా ఉందంటే నేను అనుమానించాల్సింది.

మొదటి దఫా అయ్యాక మూడు రకాల్లోనూ రెండేసి తీశాను. పూత లేని ముక్కల్ని చూసి నాకే దిగులేసింది. ఒంటినిండా ఆకుపచ్చ గాజు బుడగలు, బొబ్బలెక్కినట్టు. పూత ఉన్నవి పైకి బాగానే కనబడ్డాయి. కాగితాల్లో చుట్టి కాలేజీకి పంపాను. అక్కణ్ణుంచి వాటిని సూక్ష్మదర్శిని ఉన్న చోటికి పంపి పరీక్ష చేయించారు. పది రోజులకు గైడుగారు ఊళ్ళోని ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి నన్ను పిలిపించారు.

"సోడియం ఎక్కణ్ణుంచి వచ్చింది?" హలో కూడా లేదు.

"సార్?"

"కట్టె బూడిదలో పొటాషియం ఉంటుంది, కాల్షియం ఉంటుంది. నీ ముక్కలమీద సోడియం గుట్టలుగా ఉంది. పక్కనే క్లోరిన్. దాన్నేమంటారో తెలుసా?"

"ఉప్పు అండీ."

"ఆవకాయన్నం తింటూ పట్టుకున్నావా వాటిని?"

"లేదండీ. చేతికి తొడుగు వేసుకునే పట్టుకున్నానండీ."

"అయితే ఉప్పు ఎగురుకుంటూ వచ్చిందా? అదెక్కణ్ణుంచి వచ్చిందో తేల్చు. తేలకపోతే ఈ ఫలితాలన్నీ చెత్తబుట్టలోకే." ఫోన్ పెట్టేశారు.

అప్పటికే రెండో దఫా నడుస్తోంది. ముందు కట్టెల్ని అనుమానించాను. చినగంజాం వైపు, ఉప్పుకొఠార్ల దగ్గర పెరిగిన సరుగుడు కట్టేమో అనుకున్నాను. మాది అద్దంకి సుబాబుల్ కట్టె అని తేలింది. తర్వాత నీళ్ళని అనుమానించాను. నిప్పులమీద చల్లే బావినీళ్ళు ఉప్పగా ఉన్న మాట నిజమే. కానీ సార్ చెప్పిన గుట్టలు పడాలంటే బావి మొత్తం తోడి పోయాలి. చివరికి బాబాయిని అడిగాను.

"బాబాయ్, పొయ్యిలో కట్టెలు కాక ఇంకేమైనా వేస్తన్నావా?"

"నేనైతే ఏమీ వెయ్యలా అమ్మాయ్."

"ఉప్పుగానీ..."

"నేనైతే ఉప్పు ముట్టుకోను. బీపీ ఉందన్నాడు డాక్టరు."

ఆ 'నేనైతే' ఆయన నోట రెండుసార్లు వచ్చింది. ఆయన నావంక చూడకుండా పత్తికట్టె మోపు విప్పుతున్నాడు. విప్పిన మోపునే మళ్ళీ కట్టాడు. ఇక్కడేదో ఉందనుకున్నాను.

మర్నాడు మంగళవారం. మధ్యాహ్నం ఆకు గుచ్చేవాళ్ళు అన్నాలకు వెళ్ళారు. నేను అద్దంకి వెళ్ళి తీగ కొనుక్కొస్తానని పెద్దమ్మకు చెప్పి, వీధి చివరిదాకా వెళ్ళి, చుట్టూ తిరిగొచ్చి పత్తికట్టె వామి వెనక నక్కాను. చీమలు కుడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను.

కాసేపటికి పెద్దమ్మ వచ్చింది. కుడిచేయి పిడికిలి బిగించి ఉంది. బాబాయి లేచి, చాలా మర్యాదగా, పొలంవైపు తిరిగి నిలబడ్డాడు. పెద్దమ్మ పొయ్యి ముందు నిలబడి పిడికిలిని మూడుసార్లు కుడికి, మూడుసార్లు ఎడమకి తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, విమానం చూడొచ్చినోళ్ళ దిష్టి, పడమటింటోడి పాడు దిష్టి" అంటూ చేతిలోది మొత్తం నా ముక్కల మధ్యకు విసిరింది. లోపల రాళ్ళ ఉప్పు చిటపటలాడింది. వెంట పదో పన్నెండో ఎండుమిరపకాయలు.

తర్వాత ఆమె గాలి వాసన చూసింది. "చూశావా అన్నా, ఘాటే లేదు. ఎంత దిష్టి ఉందో!"

దిష్టి తగిలి ఉంటే మిరపకాయలు కాల్చినా దగ్గు రాదని మావైపు నమ్మకం. ఆ దిష్టే ఘాటును మింగేస్తుందట. అసలు సంగతేంటంటే, బ్యారన్ పొయ్యి గాలిని లోపలికి గట్టిగా లాగుతుంది. మిరపకాయ ఘాటంతా ఇనుప గొట్టాలు తిరిగి, పొగగొట్టమెక్కి, తూర్పుగాలికి పడమటింటి వసారాలో దిగుతుంది. ఆమె మాట పూర్తయిందో లేదో పడమటి వైపునుంచి దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు, మధ్యలో ఊపిరి కోసం వెతుక్కునే దగ్గు.

పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. "పాపం ఊరికే పోద్దా!" అంది.

ఆ పడమటింటాయనకూ పెద్దమ్మకూ ఏడాదిగా మాటల్లేవు. కిందటి సీజన్‌లో పదిమంది ముందు ఈమె ఆకును చూసి, "ఇది పొగాకా, ఎండిన అరిటాకా?" అన్నాడట. అప్పట్నుంచి ఆయనకు చెప్పాల్సిన మాటలన్నీ పెద్దమ్మ తన గేదెకు చెప్పేది. "ఏమే, గోడమీద నించి ఎంగిలి నీళ్ళు పోస్తే ఏమనాలే?" అని గేదెను గట్టిగా అడిగేది. ఆయన కూడా తన ఎద్దుతోనే జవాబు చెప్పించేవాడు.

నేను వామి వెనకనుంచి బయటికొచ్చాను, ఒంటినిండా పత్తికట్టె పొట్టుతో.

"పెద్దమ్మా!"

ఆమె ఉలిక్కిపడింది. తేరుకోవడానికి ఒక్క క్షణం పట్టింది, అంతే. "అద్దంకి బస్సు దొరకలేదా?"

"నా ప్రాజెక్టులో ఉప్పు పోస్తావా?"

"మరి? ఊరంతా వచ్చి కళ్ళప్పగించి చూసిపోతంటే ఊరుకోమంటావా? నీ చదువు కదా అని నేను జేస్తంటే నామీదే అరుస్తావేందే?"

"ఎన్నాళ్ళనుంచి?"

"ముందు మంగళారం, ఆదివారం. తర్వాత జనం ఎక్కువయ్యారని రోజూ. ఆ రెండు రోజులు మాత్రం ఇంకో పిడికెడు ఎక్కువ."

నేను బాబాయివంక తిరిగాను. "నీకు తెలిసి కూడా..."

"చెల్లెమ్మ ఒట్టేయించుకుంది అమ్మాయ్. అయినా నేను అబద్ధం చెప్పలా. నేనైతే వెయ్యలా అన్నా."

కోపంతో నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. నెల రోజుల పని. ఖరీదైన ముక్కలు. దీన్నంతా గైడుగారికి ఎలా చెప్పను? ఏడుద్దామని నోరు తెరిచేసరికి పడమటింటాయన మళ్ళీ దగ్గాడు. పెద్దమ్మ పెదాలు బిగబట్టింది. బాబాయి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుపుకు బదులు నాకు నవ్వొచ్చింది. ముగ్గురం పొయ్యి ముందు కూలబడి, అవతలికి వినబడకుండా నోళ్ళు మూసుకుని నవ్వాం.

గైడుగారికి ఫోన్‌లో చెప్పాను. దిష్టి అన్నమాట దగ్గర తిట్లకు సిద్ధపడ్డాను.

"ఎంత వేసేది?"

"పిడికెడు అండీ."

"పిడికెడు అంటే ఎంత? ఎవరి పిడికిలి?" ఆయన గొంతులో కోపం లేదు, ఏదో హుషారు ఉంది. "పిచ్చిదానా, ఉప్పు పడితే పూత ఏమవుతుందో చూడటానికి మనుషులు ఎంత తంటాలు పడతారో తెలుసా? మీ పెద్దమ్మగారు అడక్కుండానే చేసిపెట్టారు. కొలిచి రాయి. తర్వాత ఉప్పు లేకుండా ఒక దఫా చెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

సాయంత్రం పెద్దమ్మను వంటింట్లో కూర్చోబెట్టి పిడికిలి కొలిచాను. డబ్బాలోంచి ఉప్పు తీయడం, కాగితంమీద పోయడం, తూచడం. అలా పదిసార్లు. మొదట సిగ్గుపడింది. ఆరోసారికి మూడోదానికన్నా తక్కువ వచ్చిందని చెబితే రోషమొచ్చింది. "ఉండు, మళ్ళీ తీస్తా" అంది. నా నోటు పుస్తకంలో ఆమె పిడికిలికి సగటు ఉంది, అటూ ఇటూ తేడా కూడా ఉంది. ఆ ఏడాది అంత నిక్కచ్చిగా నేను కొలిచింది ఇంకొకటి లేదు.

ఉప్పు లేకుండా ఒక దఫా నడపాలంటే మాత్రం ఆమె ససేమిరా అంది.

"ఏడు రోజులే పెద్దమ్మా."

"ఏడు రోజుల్లో కొంపలంటుకోటానికి ఏడు నిమిషాలు చాలు."

చివరికి, దిష్టి తీసి ఆ ఉప్పును వంటింటి పొయ్యిలో వేసేలా ఒప్పందం కుదిరింది. మొదటిరోజు వంటింట్లో మిరపకాయలు కాలితే మేమిద్దరం దగ్గి దగ్గి దొడ్లోకి పరిగెత్తాం. "చూశావా, బ్యారన్‌కే దిష్టి, వంటింటికి లేదు" అంది ముక్కు తుడుచుకుంటూ. ఆమెను ఏ ఆధారమూ ఓడించలేదు.

ఆ వారం ఇంకో విచిత్రం జరిగింది. నాలుగోరోజు పడమటింటాయన మా గుమ్మంలోకి వచ్చాడు. ఏడాది తర్వాత మొదటిసారి. పెద్దమ్మ కంగారులో గేదెవంక చూసింది, కానీ ఈసారి ఆయన నేరుగా ఆమెతోనే మాట్లాడాడు.

"అమ్మాయ్, ఏమనుకోమాక. నెల రోజులుగా మధ్యాన్నమయితే చాలు, పేగులు బయటికొచ్చేట్టు దగ్గు. అద్దంకి డాక్టరు ఉబ్బసమన్నాడు. బిళ్ళలు మింగినా తగ్గలా. నీకేమన్నా నాటుమందు తెలుసంటగా?"

నేను పెద్దమ్మవంక చూశాను. ఆమె మొహంలో నిజంగా బాధ కనబడింది. మనిషిని దగ్గించాలనుకుంది గాని, బిళ్ళలు మింగించాలనుకోలేదు. లేచి లోపలికెళ్ళి మిరియాలు, శొంఠి, పాతబెల్లం వేసి కషాయం కాచింది. చెంబుతో ఇచ్చి, మూడు రోజులు తాగమంది.

బ్యారన్‌లో మిరపకాయలు ఆగి అప్పటికే నాలుగు రోజులైంది కాబట్టి, దగ్గు తగ్గే దారిలోనే ఉంది. కషాయం తాగిన రెండోరోజుకు పూర్తిగా పోయింది. ఆయన ఊరంతా చెప్పాడు. డాక్టరు వల్ల కానిది ఆమె మూడు చెంబులతో చేసిందన్నాడు. దగ్గు ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు పెద్దమ్మ దగ్గరకు రావడం మొదలుపెట్టారు. విమానం సంగతి మరిచిపోయారు. ఆయన ఒక గంప మునక్కాయలు పంపి, కబురు కూడా పంపాడు: "ఈ ఏడాది నీ ఆకు రంగు బంగారంలాగుంది."

"నిజం చెప్పేద్దామా?" అన్నాను.

"ఏం నిజం? కషాయం కాచింది అబద్ధమా?" అంది పెద్దమ్మ మునక్కాయలు విరుస్తూ.

చిక్కు తర్వాత వచ్చింది. సరిచూసుకోవడానికి ఉప్పుతో మళ్ళీ ఒక దఫా కావాలన్నారు గైడుగారు. ఉప్పు పడాలి, పడమటింటాయన దగ్గకూడదు. ఉప్పొక్కటే వెయ్యమన్నాను.

"మిరపకాయల్లేని దిష్టేందే, తాళి లేని పెళ్ళిలాగా!"

చాలాసేపు వాదించుకున్నాక మిరపకాయల బదులు తొడిమలు వెయ్యడానికి ఒప్పుకుంది. కాయలు గ్రేడు చేసినప్పుడు తీసిపారేసిన తొడిమలు మా దొడ్లో గుట్టలుగా ఉండేవి. పేరుకు మిరపకాయ వంశమే, ఘాటు మాత్రం లేదు. ఆ దఫా అంతా పెద్దమ్మ పిడికెడు ఉప్పూ పిడికెడు తొడిమలూ తిప్పి వేసింది. పడమటింటాయన వసారాలో కాలుమీద కాలేసుకుని పేపరు చదువుకున్నాడు.

ముక్కల ఫలితాలు నేననుకున్నట్టు రాలేదు. పూత లేనివి ఉప్పు దఫాల్లో బాగా దెబ్బతిన్నాయి. ఉప్పు లేని దఫాలో కూడా కట్టెల బూడిద వాటిని కొరికింది గాని అంతగా కాదు. ఒక పొర పూత ఉన్నవాటి మొహం బాగానే ఉంది. రెండు పొరలవాటి మొహం ఇంకా బాగుంది. కానీ రెండు రకాల్లోనూ కొన్ని ముక్కలు బెజ్జం దగ్గరనుంచి లోపలికి గుల్లయిపోయాయి. పైన పూత చెక్కుచెదరలేదు, కింద ఖాళీ. గోటితో నొక్కితే పెంకులా లోపలికి దిగింది. రెండు పొరలుంటే రెండింతలు కాపాడుతుందని రాయడానికి సిద్ధంగా ఉన్న నేను కలానికి మూత పెట్టేశాను.

ఆ ముక్కను బాబాయి అరచేతిలో పెట్టాను. తిప్పి చూశాడు.

"బెజ్జం ఎప్పుడేశారు? రంగెయ్యకముందా, ఏసినాకా?"

"ఏమో బాబాయ్. ఎందుకు?"

"ఏసినాకే అయ్యుంటది. లోపలి అంచుకి రంగు లేదు జూడు. బ్యారన్ గొట్టం కూడా రేకు మజ్జిన తినదమ్మాయ్. అతుకు దగ్గరా, బోల్టు బెజ్జం దగ్గరా తింటది. మేం బెజ్జాలేసినాకే బంకమట్టి పూస్తాం."

గైడుగారికి చెప్పాను. ఆయన హైదరాబాదు స్నేహితుణ్ణి అడిగితే, అవును, పూత పూశాకే బెజ్జాలు వేశామని జవాబొచ్చింది. ముందు బెజ్జాలు వేసి తర్వాత పూత పూసిన ముక్కలు నాలుగు మళ్ళీ తెప్పించారు. సీజన్ చివరి దఫాలో అవి ఉప్పూ తొడిమలూ బూడిదా తిని కూడా గట్టిగా బయటికొచ్చాయి. ఒక్కదాని అంచున మాత్రం చిన్న పగులు కనబడింది. నాలుగు ముక్కలతో పెద్ద మాటలు చెప్పకూడదని గైడుగారు హెచ్చరించారు. చెప్పలేదు. పూత మందం ఎంతన్నదానికన్నా, పూత లేని చోటు ఎక్కడుందన్నది ముందు చూసుకోవాలని మాత్రం రాశాను.

వైవాకు బయటి ఊరినుంచి ఒక పెద్దాయన వచ్చారు. నా పట్టికలన్నీ ఓపిగ్గా తిరగేసి ఒకచోట వేలు పెట్టారు.

"ఉప్పు మోతాదు రోజూ ఒకలాగే ఉంది. రెండు రోజులు మాత్రం రెట్టింపు. ప్రతివారం అవే రెండు రోజులు. దీనికి శాస్త్రీయ కారణం ఏమిటమ్మా?"

మా గైడుగారు కిటికీవైపు తిరిగారు.

"స్థానిక పద్ధతి అండీ."

"ఏ రోజులవి?"

"మంగళవారం, ఆదివారం అండీ."

ఆయన పట్టికవంక చూశారు, నావంక చూశారు. పుస్తకం మెల్లగా మూశారు.

"మా అమ్మ గురువారం కూడా తీసేది" అన్నారు. ఆ తర్వాత ఆ పట్టిక గురించి ఇంకేమీ అడగలేదు.

థీసిస్ బైండు చేయించాక ఒక కాపీ పెద్దమ్మకు తీసుకెళ్ళాను. అంతా ఇంగ్లీషు కాబట్టి పేజీలు తిప్పి, నల్లముక్కల ఫోటోల దగ్గర ఆగి, "నా ఉప్పేనా ఇది?" అని మురిసిపోయింది. తన గురించి ఎక్కడుందో చదవమంది. కృతజ్ఞతల పేజీ తీసి తెలుగులో చెప్పాను: ప్రయోగాలకు సహకరించిన కుటుంబ సభ్యులకు నా ధన్యవాదాలు.

పెద్దమ్మ మొహం చిన్నబోయింది.

"కుటుంబ సభ్యులేందే? అంటే మీ పెదనాన్న కూడా వచ్చినట్టేగా అందులో?"

"ఆ... వచ్చినట్టే."

"ఆయనేం జేశాడే? వారానికోసారొచ్చి నిద్రపోయాడు" అని వంటింట్లోకి వెళ్ళింది. ఆ రోజు కూరలో ఉప్పు లేదు. మరిచిపోయిందో కావాలని చేసిందో ఇప్పటికీ చెప్పదు.